బొగ్గుబాయి పాటకు పట్టాదారెవరు?

గోదావరిఖని చుట్టుపక్కల 1980లు, 90లలో గేట్ మీటింగుల్లోనూ సమ్మె శిబిరాల్లోనూ క్వార్టర్ల నడుమ జరిగిన సభల్లోనూ పాడిన పాటల్లో అచ్చయినవి కొన్నే. మిగతావి క్యాసెట్లలో ఉండిపోయాయి. మైకు ముందు టేప్ రికార్డరు పెట్టి పట్టిన ఆ గొంతులు ఇప్పుడు అటకల మీద, ట్రంకు పెట్టెల అడుగున ఉన్నాయి. టేపు మీది పూత రాలిపోతుంది, బూజు పడుతుంది. టేపు బాగున్నా వినిపించే యంత్రం దొరకదు. ఇలాంటి టేపులను వినే అవకాశమే 2025 ప్రాంతానికి ప్రపంచమంతటా మూసుకుపోవచ్చని యునెస్కో, ధ్వని ఆర్కైవుల అంతర్జాతీయ సంఘం కలిసి 2019లోనే హెచ్చరించాయి.

దాచాలనడంలో ఎవరికీ పేచీ లేదు. ఎవరి దగ్గర దాచాలి, ఎవరికి వినిపించాలి, ఎవరి పేరు రాయాలి అన్న దగ్గరే పేచీ. కింద మాట్లాడుకునే ఇద్దరూ నా కల్పన. ఒకాయన కోల్ ఫిల్లర్‌గా చేసి దిగిపోయినవాడు, బాయిల గేట్ల ముందు డప్పు పట్టి పాడినవాడు. ఇంకొకరు ఆయన అన్న కూతురు, మీడియా మీద పరిశోధన చేస్తోంది. వాళ్లు ఎత్తే ప్రశ్నలు మాత్రం కల్పన కావు.

కాక: సీదా ముచ్చట చెప్త బిడ్డా. ఈ పాటలన్ని సింగరేణి కంపెనీకే అప్పజెప్పాలె. కొత్తగూడెంల హెడ్డాఫీసున్నది, ఇక్కడ జీఎం ఆఫీసులున్నయ్. ఏసీ గదులున్నయ్, కంప్యూటర్లున్నయ్, పైసలున్నయ్. మన ఇండ్లల్ల ఏమున్నది? రామగుండం ఎండకు రేకుల కింద క్యాసెట్టు ఎన్ని రోజులాగుతది?

అమ్మాయి: ఎవరి మీద పాడారో వాళ్ల దగ్గరే దాచమంటున్నావా కాకా? బాయిదొరను నిలదీసిన పాట, బండ పడి చనిపోయినవాళ్ల మీద కట్టిన పాట, గోల్డెన్ హ్యాండ్‌షేక్ తీసుకోవద్దని పాడిన పాట. వీటిని కంపెనీ తన ఖర్చుతో తుడిచి అద్దాల బీరువాలో పెడుతుందా? రక్షణ పక్షోత్సవాల్లో కళాబృందాలు పాడే హెల్మెట్ పాట పెడుతుంది. అది తప్పనను, ఆ పాట ప్రాణం కాపాడేదే. కానీ అదొక్కటే మిగిలితే, రేపు పుట్టేవాళ్లు మనవాళ్లు బాయిలోకి దిగింది హెల్మెట్ల గురించి పాడుకోవడానికే అనుకుంటారు.

కాక: కంపెనీ అంటే ఎవలు? 51 పాళ్లు రాష్ట్రానివి, 49 పాళ్లు కేంద్రానివి. 1920ల రిజిస్టరైన కంపెనీ, నూరేండ్లు దాటింది. తొంభైలల్ల ఖాయిలా కంపెనీల బోర్డు బీఐఎఫ్ఆర్ దాకా పోతే నిలబెట్టిందెవలు? తట్ట మోసినోడు, టబ్బు నింపినోడు. గా కంపెనీని 'వాళ్లు' అని ఎట్లంటవ్? మనమే. మన పాట మన ఇంట్ల పెట్టుకునుడే గది.

అమ్మాయి: మీరే అయితే మీకు గేటు బయట పాడే అవసరం ఎందుకొచ్చింది?

కాక: ఇంట్ల కొట్లాట ఉండదా?

అమ్మాయి: ఉంటుంది. ఆ కొట్లాట సంగతి రాసే పుస్తకం ఇంటి పెద్ద చేతిలోనే ఉంటే ఏం రాస్తాడన్నదే నా ప్రశ్న. బ్రిటన్‌లో ఏం జరిగిందో చూడు. 1947 జనవరి 1న అక్కడి గనులు ప్రభుత్వం చేతికొచ్చాయి. వాటిని నడిపే నేషనల్ కోల్ బోర్డు ఆ ఏడాదే 'మైనింగ్ రివ్యూ' అని సినిమా హాళ్లలో వేసే నెలవారీ చిత్రాలు మొదలుపెట్టి 1983 దాకా నడిపింది. కొత్త యంత్రాలు, కార్మికుల బ్యాండ్ మేళాలు, ఆటలు, తోటలు అన్నీ పట్టింది. అది చిన్న పని కాదు, ఇవాళ బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు అదొక నిధి. కానీ 1984 మార్చిలో మొదలై ఏడాది నడిచిన సమ్మెను కార్మికుల పక్షాన పట్టిందెవరు? చిన్నచిన్న వీడియో బృందాలు యూనియన్‌తో కలిసి 'మైనర్స్ క్యాంపెయిన్ టేప్స్' తీసి, వీహెచ్ఎస్ క్యాసెట్లు ఊరూరా పంచాయి. కోల్ బోర్డు కెమెరానే నమ్ముకుని ఉంటే ఆ ఏడాది ముఖం ఇంకోలా ఉండేది.

కాక: గా కోల్ బోర్డే పాటలు ఏరిపించిందని నువ్వే ఓపారి చెప్పినవ్ గద.

అమ్మాయి: చెప్పాను. 1951లో బోర్డు తన 'కోల్' పత్రికలో పోటీ ప్రకటించి గని పాటలు పంపమంది. ఏ.ఎల్. లాయిడ్ వాటిని ఏర్చికూర్చి 1952లో 'కమ్ ఆల్ యే బోల్డ్ మైనర్స్' పుస్తకం తెచ్చాడు. సమ్మె పాటలున్నాయి, సమ్మె విరగ్గొట్టినవాళ్లను తిట్టిన పాటా ఉంది.

కాక: మరింకేంది? సర్కారు బొగ్గు కంపెనీ సమ్మె పాటలు దాసిందా లేదా?

అమ్మాయి: ఆ సమ్మెలు పాత ప్రైవేటు యజమానుల మీద జరిగినవి కాకా. దిగిపోయిన యజమాని మీది పాటను దాచడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు. కుర్చీలో ఉన్నవాడి మీది పాట దగ్గరే అసలు పరీక్ష. పైగా లాయిడ్ కొన్ని పాటలను తన చేత్తో సవరించాడని తర్వాతి పరిశోధకులు చూపించారు. పాట బతికింది. ఏ మాట గని మనిషిది, ఏ మాట లాయిడ్‌ది అన్నది మాత్రం కలిసిపోయింది.

ఇక్కడ నేను కల్పించుకోక తప్పదు. కోల్‌బెల్టు పాట గురించి మాట్లాడుతూ సింగరేణి కార్మిక సమాఖ్య పేరు ఎత్తకపోతే ఆ మాట సగమే. 1981లో పుట్టిన ఈ సమాఖ్య, అంటే సికాస, బాయి మీది భాషను మార్చింది. జననాట్యమండలి, గద్దర్, ఆదిలాబాద్ మట్టి నుంచి వచ్చిన గూడ అంజయ్య పాటలు ఈ గేట్ల ముందు ఎన్ని రూపాల్లో మారాయో, ఎన్ని బాయిల పేర్లు వాటిలోకి చొరబడ్డాయో అచ్చు పుస్తకాల్లో దొరకదు. 1992లో పీపుల్స్‌వార్‌తో పాటు సికాస మీదా నిషేధం పడింది. 2005 ఆగస్టు నిషేధపు జాబితాలోనూ ఆ పేరుంది. ఆ ఆగస్టులోనే విప్లవ రచయితల సంఘం విరసాన్ని కూడా నిషేధిస్తే అది మూడు నెలలకే పోయింది, సికాస మీదిది పోలేదు. ఆ రాజకీయాలతో నాకు ఎన్ని విభేదాలున్నా, ఒక తరం కార్మికులు పాడుకున్నదాన్ని నిషేధపు జాబితా చూసుకుంటూ ఏరడం చరిత్రకు ద్రోహమనే నా నమ్మకం. ఏ ప్రభుత్వ సంస్థ అయినా అలా ఏరకుండా ఉండగలదా అన్న అమ్మాయి అనుమానానికి నా దగ్గర జవాబు లేదు.

కాక: నువ్వు భయపడేది తెలుస్తంది. మేం దాసుకొని పాడినమా? చౌరస్తల లౌడ్‌స్పీకర్ పెట్టి పాడినం. మఫ్టీల వచ్చినోడు సుత నిలబడి ఇన్నడు, రాసుకున్నడు. మా పాట పోలీసోళ్ల కాయితాలల్ల ఉండొచ్చు, మా మనుమలకు మాత్రం దొరకొద్దా? గిదేం నాయం?

అమ్మాయి: దొరకాలి. ఎలా దొరకాలన్నదే మాట. ఆనాడు గేటు దగ్గర ఎవరు వింటున్నారో నీకు కనపడేది. మఫ్టీ మనిషిని సైతం గుర్తుపట్టేవాడివి. యూట్యూబులో పెడితే వినేవాడి ముఖం నీకు కనపడదు. ఆ గొంతు ఫలానావాళ్ల తాతది అని ఎవడో కింద రాస్తాడు. ఆ మనవడు ఏదో ఉద్యోగానికి పోతే పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది. పాడిన మనిషి బతికి లేడు, సరేనని చెప్పడానికీ వద్దని చెప్పడానికీ.

కాక: ఇంట్లోళ్లను అడుగు.

అమ్మాయి: అందరినీ అడగగలమా? చాలామంది స్వచ్ఛంద విరమణ, అదే వీఆర్ఎస్, తీసుకుని ఊళ్లకు పోయారు. కొన్ని క్యాసెట్ల మీద 'సమ్మె సభ' అని తప్ప ఇంకేమీ లేదు. ఆడవాళ్ల గొంతుల సంగతి ఇంకా కష్టం. క్వార్టర్ల దగ్గర, బోరింగుల దగ్గర, బాయిలో చచ్చిపోయినవాడి ఇంటి ముందు పాడినవి. ఎవరు పాడారో ఎవరూ రాయలేదు. 'మహిళలు' అని మాత్రం రాశారు. ఏడుస్తూ పాడిన పాటను పట్టుకోవచ్చా అని ఆ రోజు ఆమెను ఎవరైనా అడిగారా?

కాక: ...అడగలె.

అమ్మాయి: మరి ఇవాళ లోకమంతటికీ వినిపించే హక్కు మనకెక్కడిది?

కాక: నువ్వన్నది నిజమే. గాని బిడ్డా, బయటోళ్లకు గోదావరిఖని అంటే ఏం తెలుసు? 2023ల 'దసరా' వచ్చింది. మన దిక్కు పిలగాడే తీసిండు, నాని మంచిగ జేసిండు, నేను సుత సూసిన. రైలెక్కి బొగ్గు దొంగతనం, సిల్క్ బారు, తాగుడు, నెత్తురు. సినిమా అది, గట్లనే ఉంటది. గాని గా బొమ్మ పక్కన పెట్టెటందుకు మా బొమ్మ ఏది? మా గొంతులేవి? తాళమేసుకుంట కూసుంటే లోకానికి సినిమానే చరిత్ర అయితది. ఇంకోటి విను. ఇప్పుడు ఓపెన్‌కాస్టులు. డంపర్ క్యాబిన్ల ఒక్కడే ఉంటడు, చుట్టూ మోత. భూగర్భంల గ్యాంగుగ పని చేసినం, గ్యాంగుగ పాడినం. లక్ష దాటిన కార్మికులు నలభై వేల చుట్టుకొచ్చిన్రు. కొత్త పాట ఆ పని నుంచి పుట్టదు. ఉన్న పాట అన్న ఇంటె, ఎవడన్న ఓ కాంట్రాక్టు కార్మికుడు దాన్ని పట్టుకొని తన ముచ్చట కడ్తడు. పాట ఇనకపోతే పాటెట్ల పుడ్తది?

ఈ మాటకు అమ్మాయి వెంటనే బదులు చెప్పలేదు. నాకూ ఇది కాక వాదంలో అన్నిటికన్నా బలమైన మాటగా తోస్తుంది. పాత పాటలను దాచే పని గురించి విధానాలు రాసేవాళ్లు పాటను వస్తువుగా చూస్తారు, ఎవరి ఆస్తి, ఎన్నేళ్ల హక్కు అని లెక్క కడతారు. గేటు పాటకు ఉన్న మొదటి గుణం, విన్నవాడు దాన్ని తనకు కావలసినట్టు మార్చుకోవడం. ఆ మార్పుకు దారి మూస్తే మిగిలేది టేపే.

అమ్మాయి: తెరిస్తే ఎవరు పట్టుకుంటారన్నదీ ఆలోచించాలి కదా. కాంట్రాక్టు కార్మికుడే పట్టుకుంటాడని ఏముంది? 'సారంగ దరియా' గుర్తుందా? 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో వచ్చింది. జనం నోట్లోని పాట. టీవీ వేదిక మీద అంతకుముందే పాడిన జానపద గాయని తన మాటేమిటని అడిగితే ఎంత గొడవైంది! చివరకు దర్శకుడు వివరణ ఇవ్వాల్సి వచ్చింది. అక్కడ అడగడానికి మనిషైనా ఉంది. ఇంకోటి చెప్తాను. 2023లో వచ్చిన 'కీడా కోలా'లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును కృత్రిమ మేధతో పుట్టించారు. ఆయన కొడుకు చరణ్ 2024లో లీగల్ నోటీసు పంపారు. బాలు గారి గొంతు కాబట్టి నోటీసు పోయింది. కోల్ ఫిల్లర్ గొంతును ఎవడో యంత్రంలో వేసి ప్రకటనకో ఎన్నికల పాటకో వాడుకుంటే, ఆయన భార్య ఏ లాయరు దగ్గరికి పోవాలి? ఆ గొంతు ఆయనదేనని ఆమె ఎట్లా రుజువు చేయాలి?

కాక: అందుకే అంటున్న, పెద్ద ఇల్లు కావాలె అని. కంపెనీకి లాయర్లున్నరు. నీ క్యాసెట్ల సంఘానికి ఎవలున్నరు? ఇంకో మాట. సింగరేణి సర్కారు కంపెనీ, ఆర్టీఐ కిందికొస్తది. 'మా పాట ఏం జేసిన్రు' అని పది రూపాయల దరఖాస్తు పెట్టి అడుగుత. నీ పీహెచ్‌డీ అయిపోయినంక క్యాసెట్లు నీ సారు బీరువల ఉంటే ఎవలను అడగాలె?

అమ్మాయి: ఆ దెబ్బ సరిగానే తగిలింది. పరిశోధకులు పట్టుకుపోయినవి తిరిగి రాని కథలు చాలా ఉన్నాయి. అందుకే కొందరు ముందే కాగితం రాయించుకుంటున్నారు. గురుగ్రామ్‌లో సంగీతం, జానపదం దాచే ఆర్కైవ్ ఒకటి ఉంది, 1982లో మొదలైంది, ఏఆర్‌సీఈ అంటారు. అక్కడ టేపు ఇచ్చేవాళ్లతో ఒప్పందం ఉంటుంది, వినిపించడానికి షరతులు పెట్టొచ్చు. మహారాష్ట్రలో తిరగలి పాటలున్నాయి. హేమా రాయిర్కర్, గీ ప్వాతవాఁ దశాబ్దాల పాటు ఊరూరూ తిరిగి లక్షకు పైగా సేకరించారు. పి. సాయినాథ్ మొదలుపెట్టిన 'పరి' వెబ్‌సైటు ఇప్పుడు వాటిని వినిపిస్తోంది. ప్రతి పాటకూ పాడినామె పేరు, ఊరు, వీలైతే ఫొటో. పాట కింద 'మహిళలు' అని ఊరుకోలేదు.

కాక: మంచిగున్నది. గాని పేరు అంటున్నవ్ గద, ఎవని పేరు? రెండో షిఫ్టోడు ఓ చరణం కట్టిండు, నేను డప్పు దరువు మార్చిన, పక్క బాయి మీద పాడినోడు బాయి నంబరు మార్చిండు. నా ఒక్కని పేరు రాస్తే నేను దొంగనైత.

అమ్మాయి: చట్టం దగ్గర ఆ గది లేదు. 1957 కాపీరైట్ చట్టం రాసినవాడిని అడుగుతుంది. ఆయన బతికున్నంత కాలం, పోయాక 60 ఏళ్లు. పేరు తెలియని రచన అయితే ప్రచురించిన నాటి నుంచి 60 ఏళ్లు. పాడినవాళ్లకు వేరే హక్కు, అది 50 ఏళ్లు. గేటంతా కలిసి కట్టిన పాటకు హక్కుదారుగా గేటును ఒప్పుకునే సెక్షను లేదు.

కాక: అట్లయితే ఏం చేసుడు? చట్టం మారెదాక టేపు ఆగుతదా?

అమ్మాయి: అదే చట్టంలో 2012లో ఒక వెసులుబాటు వచ్చింది. లాభం కోసం కాని ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న క్యాసెట్టుకు, భద్రపరచడం కోసం డిజిటల్ ప్రతి తీసి పెట్టుకోవచ్చు. ఆ మేరకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాబట్టి పట్టడం వేరు, తెరవడం వేరు. పట్టడం ఈ ఏడాదే జరగాలి, మంచి యంత్రంతో, 96 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో, ఎక్కడా 'శుభ్రం' చేయకుండా. వెనక షిఫ్టు సైరన్ వినిపిస్తే అదీ ఉండాలి. తెరవడం మాత్రం పాట పాటకూ అడిగి, ఆగి.

కాక: దానికి పైసలు?

అమ్మాయి: అక్కడ నీ మాటే నా మాట. కంపెనీ ఇవ్వాలి. 2013 కంపెనీల చట్టం లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు పెట్టమంటోంది. ఏడో షెడ్యూలులో వారసత్వం, కళలు, సంస్కృతి, ప్రజా గ్రంథాలయాలు పేరు పెట్టి ఉన్నాయి. గోదావరిఖనిలో ఒక గ్రంథాలయ గది, రెండు మంచి డెక్కులు, ఇద్దరు మనుషులు. ఒక ఓపెన్‌కాస్టు డంపరు ఖరీదు ముందు అది లెక్కలోకి రాదు. కానీ ఏ పాట ఉండాలి, ఏది ఉండకూడదు అనే మాట కంపెనీకి ఉండొద్దు. కార్మిక కుటుంబాల ట్రస్టుకు ఉండాలి. ఒప్పందంలో ఆ వాక్యం లేకపోతే ఒక్క క్యాసెట్టు కూడా ఇవ్వొద్దు.

కాక: ట్రస్టు అంటే ఎవలు? యూనియన్లోళ్లు వచ్చి కూసుంటరు. 1998 నుంచి గుర్తింపు ఎన్నికలు సూస్తున్న. గెలిసిన జెండాను బట్టి సభల పాట మారింది. ట్రస్టుల సుత గదే అయితది. కళాకారులకు సర్కారు జీతాలిచ్చుడు సుత సూసినం. తెలంగాణ సాంస్కృతిక సారథిల 550 మందికి నౌకర్లొచ్చినయ్. ఆకలి తీరింది, నేను కాదన. గాని జీతమిచ్చెటోని మీద పాట రాలె.

అమ్మాయి: నువ్వు కంపెనీని నమ్ముతున్నావు, యూనియన్‌ను నమ్మడం లేదు. నాకు అర్థం కావడం లేదు కాకా.

కాక: నేనెవ్వల్నీ నమ్మ. అందుకే ఒక్క తాన పెట్టొద్దంటున్న. ఒక ప్రతి కంపెనీ దగ్గర, ఒకటి నీ ట్రస్టు దగ్గర, ఒకటి హైదరాబాద్ల యూనివర్సిటీ దగ్గర, ఒకటి దేశం బయట. ఒకడు తుడిస్తె ఇంకో తాన ఉంటది. కంపెనీ దగ్గర ఉన్నదాన్ని కంపెనీ తుడిస్తె, తుడిసిందని లోకానికి తెలుస్తది. ఇయ్యకపోతె గది సుత తెల్వది.

అమ్మాయి: ఇది నేను ఆలోచించలేదు. నాలుగు ప్రతులకు ఒప్పుకుంటాను. తెరిచే తేదీ మాత్రం నాలుగు చోట్లా ఒకటే ఉండాలి. పేరు తెలిసి, ఇంటివాళ్లు ఒప్పుకున్నవి వెంటనే. సంస్థల పేర్లున్నవి, మనుషులను గుర్తుపట్టగలిగేవి పదేళ్లు మూసి, గోదావరిఖని గదికి వచ్చి వినేవాళ్లకు మాత్రమే.

కాక: పదేండ్లా? బాయి దుమ్ము పట్టిన ఊపిరితిత్తులు పదేండ్లు ఆగుతయా? ఆ పాట ఇని 'గీ చరణం ఫలానోడు కట్టిండు' అని చెప్పేటోడు అప్పటికి ఒక్కడు మిగలడు. నీకు పేర్లే కావాలంటివి గద, ఆ పేర్లు చెప్పేది మేమే. మేము ఇనకుంట పేర్లెట్లొస్తయ్? ముందు మాకు ఇనిపియ్యి.

అమ్మాయి: మీకు వినిపించడానికి ఏ అడ్డూ లేదు. మొదటి పని అదే కావాలి. ఒక్కో క్యాసెట్టు పెట్టి, ఆనాటి వాళ్లను కూర్చోబెట్టి, ఎవరి గొంతు, ఏ బాయి, ఏ సమ్మె, ఎవరు చరణం కలిపారు అని రాసుకోవడం. పాట కింద ఒక్క పేరు కాకుండా అన్ని పేర్లూ రాద్దాం, చట్టం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. ఐదేళ్లకు దిగుతాను.

కాక: మూడు.

అమ్మాయి: ఐదు. అదీ మగవాళ్ల పాటలకే. పేరు తెలియని ఆడవాళ్ల ఏడుపు పాటలు ఐదేళ్లకూ తెరవను. ఎవరైనా వచ్చి 'ఇది మా అమ్మ గొంతు' అని చెప్పి, సరేనంటేనే.

కాక: ఎవ్వరు రాకపోతే?

అమ్మాయి: రాకపోతే మూసే ఉంటుంది.

కాక: మా అన్నింట్ల గొప్ప పాటలు అవే బిడ్డా. మేము గేటు కాడ పాడింది కోపం. వాళ్లు పాడింది ఎవ్వడు రాయలే. దాన్ని మూస్తె బాయిల ఎంతమంది ఎట్ల సచ్చిన్రో మా లెక్కల ఉంటది గాని, ఇండ్లల్ల ఏమైందో ఎక్కడ ఉండది. నేనైతె ఒప్ప. ట్రస్టుల ఆడోళ్లు సగం ఉండాలె, ముందు వాళ్లే ఇనాలె. తెరుసుడా మూసుడా అన్నది వాళ్లే చెప్పాలె, నువ్వు గాదు, నేను గాదు.

అమ్మాయి: సగం కాదు, ఆ పాటల వరకు ట్రస్టులో అందరూ వాళ్లే ఉండాలి. వాళ్లు తెరవమంటే నేను తెరుస్తాను. వద్దంటే నువ్వు ఆర్టీఐ పెట్టొద్దు.

కాక: పెడ్త. జవాబు వాళ్లే ఇస్తరు, ఎందుకు తెరుస్తలేరో నాకు చెప్పాలె గద.